కీమో రోజుల్లో జ్వరం: తెల్లారేదాకా ఆగవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు యాభై ఎనిమిదేళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక కీమోథెరపీ మొదలుపెట్టారు. రెండో విడత ఇచ్చిన తొమ్మిదో రోజు రాత్రి పదకొండు గంటలకు చలిగా ఉందంటూ రెండు దుప్పట్లు కప్పుకుంది. థర్మామీటర్ పెడితే 100.8 చూపించింది. ఆ వేళప్పుడు డాక్టరుగారికి ఫోన్ చేయడానికి మొహమాటపడి పారాసిటమాల్ వేశాను. తెల్లవారేసరికి చెమట పట్టి జ్వరం దిగింది. వారం తర్వాత ఆసుపత్రిలో ఈ సంగతి చెబితే డాక్టరుగారి ముఖం మారిపోయింది. "ఇంకెప్పుడూ అలా చేయకండి" అన్నారు గానీ, బయట జనం ఎక్కువగా ఉండటంతో వివరంగా అడగలేకపోయాను. వచ్చే వారం మూడో విడత ఉంది. నేను చేసిన పొరపాటు ఏమిటి? అంత కొద్ది జ్వరానికి కూడా పరుగెత్తాలా? అమ్మను విడిగా గదిలో ఉంచాలని, ఎవరూ తాకకూడదని, పచ్చివేవీ పెట్టకూడదని బంధువులు చెబుతున్నారు. ఆరేళ్ల మా పాప అమ్మమ్మ పక్కనే పడుకుంటానని ఏడుస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం: ఆ రాత్రి మీరు చేసినదాన్ని నేను నిర్లక్ష్యం అనను. ఇంట్లో ఎవరి ఒళ్లు వెచ్చబడినా మనమందరం చేసే పనే మీరూ చేశారు. అయితే కీమో తీసుకుంటున్న మనిషి విషయంలో ఆ అలవాటే ప్రాణం మీదికి తెస్తుంది. మీ అమ్మగారు గట్టెక్కారు, సంతోషం. కానీ గట్టెక్కారు కాబట్టి ప్రమాదమేమీ లేకపోయిందని అనుకోవద్దు. మీ ప్రశ్నల్లో అన్నిటికన్నా ముఖ్యమైనదానికి ముందే జవాబు చెబుతాను. కీమో జరుగుతున్నన్నాళ్లూ నోట్లో పెట్టిన థర్మామీటర్ 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకు మించి చూపిస్తే, అది అర్ధరాత్రైనా సరే, ఏ మాత్రా వేయకముందే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఫోన్ ఎవరూ ఎత్తకపోతే ఎత్తేదాకా చూస్తూ కూర్చోకుండా దగ్గరలో ఉన్న ఎమర్జెన్సీ విభాగానికి బయల్దేరాలి. కొన్ని ఆసుపత్రులు 101 ఒక్కసారి వచ్చినా, 100.4 గంటసేపు నిలిచినా రమ్మని చెబుతాయి. మీ ఆసుపత్రి వాళ్లు చెప్పిన అంకె ఏదో అడిగి రాసుకోండి. ఏ లెక్కన చూసినా, వణుకుతో కలిసి వచ్చిన మీ అమ్మగారి 100.8 ఫోన్ చేయవలసిన జ్వరమే.

అంత కొద్ది జ్వరానికి ఇంత హడావిడి ఎందుకో తెలియాలంటే కీమో మందు ఏం చేస్తుందో చూడాలి. త్వరత్వరగా విభజన చెందే కణాలను ఆ మందు దెబ్బతీస్తుంది. క్యాన్సర్ కణాలు అలాంటివే, అయితే జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, పేగుల లోపలి పొర, ఎముకల్లోని మూలుగ కూడా అలాంటివే. ఒంట్లోకి చొరబడిన సూక్ష్మక్రిములను మొదట ఎదుర్కొనే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు తయారయ్యేది ఈ మూలుగలోనే. వాటి ఆయుష్షు చాలా తక్కువ కనుక ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి మూలుగ రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారుచేస్తూనే ఉండాలి. కీమో ఇచ్చిన రోజున ఈ తయారీ దెబ్బతిన్నా, మూలుగలో అప్పటికే సిద్ధంగా ఉన్న నిల్వ కొన్ని రోజులు ఆదుకుంటుంది. ఆ నిల్వ అయిపోయాక రక్తంలో వాటి సంఖ్య పడిపోతుంది. చాలా రకాల మందులకు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య కౌంట్ అట్టడుగుకు చేరుతుంది, మూడో వారానికో నాలుగో వారానికో మళ్లీ కోలుకుంటుంది. చాలామందికి విడతకూ విడతకూ మధ్య ఇరవై ఒక్క రోజులు ఉంచడానికి ఇదొక కారణం. వారం వారం ఇచ్చే మందులకు, మరికొన్ని రకాల మందులకు ఈ లెక్క వేరుగా ఉంటుంది కాబట్టి మీ అమ్మగారి మందుకు ఏ రోజులు గడ్డురోజులో డాక్టరుగారిని అడగండి. మీరు రాసిన తొమ్మిదో రోజు మాత్రం సరిగ్గా ఆ గుంటలో ఉన్న రోజులా కనిపిస్తోంది.

రక్తపరీక్ష కాగితం చేతికి వచ్చినప్పుడు చాలామంది మొత్తం తెల్లకణాల సంఖ్య ఒక్కటే చూసి పక్కన పెడతారు. చూడవలసింది అందులో న్యూట్రోఫిల్స్ ఎన్ని అన్నది. మొత్తం తెల్లకణాలు 1,200 ఉండి, వాటిలో న్యూట్రోఫిల్స్ 30 శాతమని రాసి ఉంటే, రక్షణకు నిజంగా మిగిలినవి 360 మాత్రమే. సాధారణంగా ఇవి 1,500కు పైగా ఉండాలి. 500 కన్నా తగ్గితే ముప్పు బాగా పెరుగుతుంది, 100 కన్నా తగ్గితే మరీ తీవ్రం. 1966లో అమెరికాలో జెరాల్డ్ బోడీ అనే వైద్యుడు, ఆయన సహచరులు లుకేమియా రోగుల కౌంట్లనూ వారికి వచ్చిన ఇన్ఫెక్షన్లనూ పక్కపక్కన పెట్టి చూసి, న్యూట్రోఫిల్స్ ఎంత తగ్గితే, ఎన్ని ఎక్కువ రోజులు తగ్గి ఉంటే, ఇన్ఫెక్షన్ అంత ఎక్కువగా వస్తోందని నిరూపించారు. ఈనాటికీ మేము ఆధారపడేది ఆ లెక్క మీదే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. మామూలు మనిషికి ఎక్కడైనా ఇన్ఫెక్షన్ వస్తే అక్కడ ఎర్రబడుతుంది, వాస్తుంది, చీము పడుతుంది. ఆ వాపునూ చీమునూ చాలావరకు కలిగించేది అక్కడికి పరుగెత్తివచ్చిన న్యూట్రోఫిల్సే. అవే లేనప్పుడు వాపు ఎక్కడి నుంచి వస్తుంది, చీము ఎక్కడి నుంచి వస్తుంది? అందువల్ల కౌంట్ పడిపోయిన మనిషిలో పెద్ద ఇన్ఫెక్షన్ కూడా పైకి ఏ గుర్తూ లేకుండా పెరుగుతుంది. ఒకసారి కీమో తీసుకుంటున్న ఒకాయన మా ఆసుపత్రికి నడుచుకుంటూ వచ్చి, "నాకేం లేదండీ, ఇంట్లోవాళ్లు ఊరికే కంగారుపడి తీసుకొచ్చారు" అంటూ మంచం మీద కూర్చున్నారు. జ్వరం 100.6. దగ్గు లేదు, ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కూడా లేదు. కౌంట్ 200 దగ్గర ఉంది. ఆ గంటలోనే యాంటీబయాటిక్ ఎక్కించాం. నాలుగు రోజుల తర్వాత కౌంట్ పెరగడం మొదలయ్యాక తీసిన ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో నిమోనియా నీడ స్పష్టంగా కనబడింది. జబ్బు మొదటి రోజు నుంచే అక్కడ ఉంది, దాన్ని మాకు చూపించే కణాలే లేవు. ఆ రోజు మాకున్న ఆధారమల్లా థర్మామీటర్ మీది అంకె ఒక్కటే.

ఆ ఒక్క ఆధారాన్నీ పారాసిటమాల్ తుడిచేస్తుంది. పారాసిటమాల్ మీద నాకు కోపమేమీ లేదు. డాక్టరు చూశాక, రోగికి ఉపశమనం కోసం మేమే ఇస్తాం. అది మెదడులో ఒంటి వేడిని నియంత్రించే కేంద్రం మీద పనిచేసి వేడిని దించుతుంది, బ్యాక్టీరియాను మాత్రం ఏమీ చేయలేదు. జ్వరం దిగిందని ఇంట్లో అందరూ నిద్రపోయిన ఆ ఆరేడు గంటల్లో రక్తంలోకి చేరిన క్రిములు తమ పని తాము చేసుకుపోతాయి. ఉదయానికి జ్వరం కనబడకపోవచ్చు గానీ, రక్తపోటు పడిపోయి, కాళ్లూ చేతులూ చల్లబడి, పలకరిస్తే సరిగా బదులు చెప్పలేని స్థితిలో మనిషి కనబడవచ్చు. అలా వచ్చినవారిని నేను చూశాను. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటి మాత్రలైతే జ్వరాన్ని దాచడమే కాక, కీమో వల్ల ప్లేట్‌లెట్లు కూడా తగ్గి ఉన్నప్పుడు రక్తస్రావానికి దారితీస్తాయి. ఒంటి నొప్పులకైనా, తలనొప్పికైనా వాటిని సొంతంగా వేయవద్దు. వాంతులు రాకుండా కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు కూడా జ్వరాన్ని అణచివేయగలవు. అందుకని అంకె 100.4 చేరకపోయినా, పళ్లు కొట్టుకునేంత వణుకు వస్తే జ్వరం వచ్చినట్టే లెక్కకట్టి ఫోన్ చేయండి. ఒళ్లు వేడెక్కడానికి బదులు మరీ చల్లబడి 96.8 కన్నా దిగిపోయినా అది మంచి సూచన కాదు.

ఆసుపత్రికి వెళ్లాక ఏం జరగాలో మీకు తెలిసి ఉంటే, జరగనప్పుడు గట్టిగా అడగగలుగుతారు. రక్తపోటు, నాడి, ఊపిరి వేగం చూస్తారు. రక్తకణాల లెక్కకు, రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే కల్చర్ పరీక్షకు రక్తం తీస్తారు. మందులు ఎక్కించడానికి ఛాతీ చర్మం కింద అమర్చే పోర్ట్ గానీ, చేతి నరం గుండా వేసే పిక్ లైన్ అనే గొట్టం గానీ ఉంటే అందులోంచి, చేతి నరం నుంచి విడివిడిగా తీస్తారు. ఆ వెంటనే, ఏ ఫలితం కోసమూ ఎదురుచూడకుండా, నరానికి యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. గడప తొక్కినప్పటి నుంచి గంటలోపు మొదటి మోతాదు ఒంట్లోకి వెళ్లాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకాలు పెట్టిన గడువు. కల్చర్‌లో క్రిమి పెరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, చాలామందిలో అసలు ఏదీ పెరగదు. ఫలితం వచ్చాక మందు ఇద్దామని కాచుకున్న పాత రోజుల్లో, ఫలితం వచ్చేసరికి ఎందరో రోగులు చనిపోయి ఉండేవారు. 1971లో స్టీఫెన్ షింఫ్ బృందం జ్వరం కనబడగానే రెండు యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టి మంచి ఫలితాలు చూపించాక ఆ పద్ధతి మారింది.

కొత్త ఆసుపత్రి ఎమర్జెన్సీలో, ముఖ్యంగా రాత్రివేళ, వరుసలో కూర్చోబెట్టి "నూరే కదా, కాసేపు ఆగండి" అనేవారు తగలవచ్చు. అందుకు వాళ్లను తప్పుపట్టి లాభం లేదు, కీమో సంగతి తెలియకపోతే ఎవరైనా అలాగే అంటారు. కాబట్టి మీరు నోరు విప్పగానే చెప్పవలసిన మొదటి వాక్యం ఇది: "మా అమ్మకు కీమో జరుగుతోంది, ఇవాళ తొమ్మిదో రోజు, 100.8 జ్వరం ఉంది." ఎప్పటి నుంచి చలి, ఎన్నిసార్లు వాంతి వంటివన్నీ తర్వాత. కీమో మందుల పేర్లు, చివరి విడత తేదీ, ఏవైనా మందులు పడకపోవడం ఉంటే ఆ వివరం, డాక్టరుగారి నంబరు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. చేతులు వణుకుతున్న సమయంలో ఆ కాగితం మీ బదులు మాట్లాడుతుంది.

వచ్చిన ప్రతివారినీ వార్డులో ఉంచేయరు. ముప్పు ఎంతో అంచనా వేయడానికి మాస్క్ (MASCC) స్కోర్ అనే లెక్క ఒకటి ఉంది. రోగి వయసు, రక్తపోటు, ఇతర జబ్బులు, ఎంత నీరసంగా ఉన్నారన్న అంశాలకు మార్కులు వేస్తారు. మొత్తం 26లో 21 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ముప్పు తక్కువని లెక్క. అలాంటివారిలో కొందరిని కొన్ని గంటలు గమనించి, యాంటీబయాటిక్ మాత్రలిచ్చి ఇంటికి పంపవచ్చు. అయితే ఆ నిర్ణయం రోగిని చూసి, కౌంట్ చూసి డాక్టరు తీసుకోవాలి. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలతో మనం తీసుకోరాదు.

థర్మామీటర్ గురించి కూడా చెప్పాలి. డిజిటల్‌ది ఒకటి అమ్మగారికే ప్రత్యేకంగా ఉంచండి, బ్యాటరీ పనిచేస్తోందో లేదో ఇప్పుడే చూడండి. వేడిగానో చల్లగానో ఏదైనా తాగి ఉంటే పదిహేను నిమిషాలు ఆగి, నాలుక కింద పెట్టి, పెదవులు మూసి, శబ్దం వచ్చేదాకా ఉంచాలి. నోరు పూసి పెట్టలేకపోతే చంకలో పెట్టండి, అయితే అక్కడ అంకె నోటికన్నా కొంత తక్కువగా వస్తుందని గుర్తుంచుకుని, ఫోన్‌లో చెప్పేటప్పుడు చంకలో చూశామని చెప్పండి. మలద్వారంలో థర్మామీటర్ పెట్టడం, ఎనిమా ఇవ్వడం, అక్కడ పెట్టే మందులు వాడటం కీమో రోజుల్లో పనికిరావు. ఆ సున్నితమైన పొర చిట్లితే పేగుల్లోని బ్యాక్టీరియా నేరుగా రక్తంలోకి చేరుతుంది. గంటగంటకూ చూసి ఇద్దరూ బెంగపడవలసిన అవసరం లేదు. గడ్డురోజుల్లో ఉదయం సాయంత్రం, అవి కాక ఒళ్లు వెచ్చగా అనిపించినా, చలి వేసినా, మనిషి ఎందుకో డీలాపడినట్టు కనిపించినా చూస్తే చాలు. జ్వరం లేకపోయినా ఆయాసం, ఆగని విరేచనాలు, తీవ్రమైన కడుపునొప్పి, మూత్రం పోసేటప్పుడు మంట, మింగలేనంత నోటి పూత, పోర్ట్ ఉన్నచోట నొప్పి, మాటలో తికమక, మూత్రం బాగా తగ్గిపోవడం వంటివాటికీ ఫోన్ చేయాలి. పోర్ట్‌లోకి మందో సెలైనో ఎక్కించిన కాసేపటికే వణుకు పుడితే ఇన్ఫెక్షన్ ఆ గొట్టంలోనే ఉండవచ్చు, ఆ మాట తప్పకుండా చెప్పండి.

ఇక మీ బంధువుల సలహాలు. ఇన్ఫెక్షన్ ఎప్పుడూ బయటి మనుషుల నుంచే వస్తుందన్న నమ్మకం వాటి వెనుక ఉంది. నిజానికి కీమో రోజుల్లో వచ్చే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో చాలావాటికి మూలం రోగి సొంత శరీరమే. పేగుల్లో, నోట్లో, చర్మం మీద మనందరికీ ఎప్పుడూ ఉండే క్రిములే, కీమోతో పలచబడిన పొరల గుండా లోపలికి జారుకుంటాయి. అమ్మగారిని గదిలో పెట్టి తలుపు మూసినా ఆ క్రిములు ఆమెతోనే ఉంటాయి, ఒంటరితనం అదనంగా చేరుతుంది. ఎవరైనా జాగ్రత్త పడలేదనో, ఎవరో వచ్చి చూసిపోయారు కాబట్టి జ్వరం వచ్చిందనో ఇంట్లో ఒకరినొకరు నిందించుకోవడం కూడా దీనివల్లే నాకు బాధ కలిగిస్తుంది. మామూలు కీమోలో ఒంటరి గది అక్కర్లేదు. జలుబు, దగ్గు, జ్వరం, అమ్మవారు పోసినవారు మాత్రం దగ్గరికి రాకూడదు. గడ్డురోజుల్లో కిక్కిరిసిన చోట్లకు ఆమెను తీసుకెళ్లవద్దు, వెళ్లక తప్పకపోతే మాస్క్ పెట్టండి.

అన్నిటికన్నా పనికొచ్చేది చేతులు కడుక్కోవడం. వండేవారు, తినిపించేవారు, మందులు అందించేవారు, అమ్మగారు స్వయంగా, సబ్బుతో ఇరవై సెకన్లు, గోళ్ల సందులు కూడా రుద్ది కడుక్కోవాలి. పళ్లకు మెత్తని బ్రష్ వాడి, తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించాలి. మలబద్ధకం రాకుండా చూసుకోవాలి, ఆ పొర చిట్లడం గురించి పైన చెప్పాను. తిండి విషయంలో, పచ్చివన్నీ మానిపించే కఠిన పథ్యం ఇన్ఫెక్షన్లను తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలలేదు. పైగా, అసలే రుచి తెలియక సరిగా తినలేని మనిషికి తినగలిగిన నాలుగూ వద్దంటే ఒంట్లో శక్తి ఇంకా తగ్గుతుంది. పండ్లూ కూరగాయలూ ధారగా పారే నీటిలో బాగా కడిగి ఇవ్వండి. సరిగా ఉడకని గుడ్లు, మాంసం, కాచని పాలు, చాలాసేపు బయట ఉండిపోయిన ఆహారం మాత్రం వద్దు. ఫ్లూ టీకా విషయం డాక్టరుగారిని అడగండి. ఇంట్లో మిగతావారు వేయించుకోవడం కూడా అమ్మగారికి రక్షణే. సజీవ క్రిములతో తయారుచేసే టీకాలు మాత్రం ఆమెకు కీమో సమయంలో వేయకూడదు.

మూడో విడత మొదలుపెట్టకముందే, రెండో విడతలో జ్వరం వచ్చిన రోజు, అంకె, వణుకు ఎంతసేపు ఉన్నదీ డాక్టరుగారికి మళ్లీ వివరంగా చెప్పండి. ఒకసారి అలా జరిగినవారికి తర్వాతి విడతల్లోనూ జరిగే అవకాశం ఎక్కువ. కౌంట్ చూశాక, కీమో అయిన మర్నాటి నుంచి మూలుగను ఉత్తేజపరిచే ఇంజెక్షన్ ఇవ్వాలా, మందు మోతాదు మార్చాలా, కొన్ని రోజులు వాయిదా వేయాలా అన్నది ఆయన నిర్ణయిస్తారు. మీ అమ్మగారికి ఆపరేషన్ తర్వాత, జబ్బు తిరగబెట్టకుండా ఇస్తున్న కీమో ఇది. ఇలాంటప్పుడు మోతాదు తగ్గించడం కన్నా ఇంజెక్షన్ తోడు ఇచ్చి అనుకున్న మోతాదును అనుకున్న వేళకు పూర్తిచేయడానికే వైద్యులు సాధారణంగా మొగ్గుచూపుతారు. ఆ ఇంజెక్షన్ వల్ల నడుములో, తొడ ఎముకల్లో నొప్పులు రావచ్చు, అవి మూలుగ పనిచేస్తున్నందువల్ల వచ్చేవే. ఇంజెక్షన్ చేయించాం కదా, ఇక జ్వరం వస్తే ఫర్వాలేదనుకోవద్దు. అది కౌంట్ తక్కువగా ఉండే రోజులను తగ్గిస్తుందే గానీ, పూర్తిగా లేకుండా చేయదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన మాట మొహమాటం. రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేస్తే డాక్టరు విసుక్కుంటారేమో అని ఆగిపోయినవారు మీరొక్కరే కాదు. క్యాన్సర్ వైద్యం చేసేవారెవరికైనా ఆ ఫోన్ రావడం కన్నా, ఆ ఫోన్ రాకుండా మర్నాడు రోగి రావడమే భయం. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, రాత్రివేళ, సెలవురోజుల్లో ఏ నంబరుకు చేయాలో అడిగి రాసుకోండి. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా క్యాలెండర్ మీద గీత గీయండి. ఆ రోజుల్లో రాత్రివేళ బండి తీయగలిగినవారెవరో, పాప దగ్గర ఎవరుంటారో ముందే అనుకోండి.

పాప సంగతి. ఆమెకు జలుబు, దగ్గు, జ్వరం, విరేచనాలు ఏమీ లేనన్నాళ్లూ అమ్మమ్మను కావలించుకోవచ్చు, పక్కన కూర్చుని కథలు చెప్పించుకోవచ్చు, పక్కనే పడుకోవచ్చు కూడా. కీమో ఇచ్చిన తర్వాత మొదటి రెండు మూడు రోజులు మాత్రం అమ్మమ్మ వాంతులు, మలమూత్రాలు అంటిన బట్టలకు పాపను దూరంగా ఉంచి, వాటిని మీరు చేతికి గ్లవ్స్ వేసుకుని విడిగా ఉతకండి. బడిలో ఎవరికైనా అమ్మవారు పోసిందని తెలిస్తే ఆ రోజే మీ డాక్టరుగారికి చెప్పండి. పాప ముక్కు కారడం మొదలైతే, తగ్గేదాకా మీ పక్కన పడుకోబెట్టుకుని, ఎందుకో ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి.